రెండు భాషలూ వచ్చి నోరు మెదపలేదు

2010 మే 28 తెల్లవారుజామున పశ్చిమ బెంగాల్‌లోని సర్దిహా దగ్గర జ్ఞానేశ్వరి ఎక్స్‌ప్రెస్ పట్టాలు తప్పింది. ఎదురుగా వచ్చిన గూడ్సు ఆ పెట్టెలను గుద్దేసింది. దాదాపు 150 మంది పోయారు. పట్టాను స్లీపరుకు బిగించే పాండ్రోల్ క్లిప్పులు ఎవరో పీకేశారన్నారు. సుత్తి భుజాన వేసుకుని ఆ క్లిప్పులు చూసుకుంటూ మైళ్లకొద్దీ నడిచే కీమాన్ల కష్టం ఖరగ్‌పూర్ రైల్వే కాలనీ న్యూ సెటిల్‌మెంట్‌లోని తెలుగువాళ్లమైన మాకు తెలియనిది కాదు. అయినా మేం అడిగిందల్లా రాత్రి బండ్లు మళ్లీ ఎప్పుడు నడుస్తాయనే.

సర్దిహా ఉన్న జంగల్‌మహల్‌లో ప్రభుత్వానికీ మావోయిస్టులకూ మధ్య సంధి మాట రాకపోలేదు. ఆ ఫిబ్రవరిలోనే మావోయిస్టు నేత కిషన్‌జీ 72 రోజులు కాల్పులు ఆపుదామన్నాడు. హింస మానేస్తామని ఒక్క వాక్యం రాసి పంపండి, తర్వాతే చర్చలన్నారు హోంమంత్రి చిదంబరం. ఈయన ఫ్యాక్స్ నంబరిస్తే ఆయన సెల్ నంబరిచ్చాడు. ఇద్దరి పంతాన్నీ మేం టీవీలో క్రికెట్ చూసినట్టు చూశాం.

నిజానికి చెప్పగలిగింది మా దగ్గరే ఉంది. ఆంధ్రాలో ఎస్.ఆర్. శంకరన్ నాయకత్వంలోని పౌరస్పందన వేదిక 1997 నుంచి అటు ప్రభుత్వాన్నీ ఇటు నక్సలైట్లనూ నిలదీస్తూ, ఇద్దరి హింసనూ తప్పుపడుతూ ఓపిగ్గా దారి వేసింది. అందుకే 2004 అక్టోబరులో హైదరాబాదులో ఇరువైపులవాళ్లూ ఒకే బల్ల దగ్గర కూర్చోగలిగారు. ఆయుధాల దగ్గరా భూమి దగ్గరా పీటముడి పడి, 2005 జనవరికల్లా అదీ చెడింది. ఎలా కుదిరిందో, ఎందుకు చెడిందో తెలుగు పత్రికల్లో వివరంగా వచ్చింది. మేం చదివాం. పక్కింటి బెంగాలీ మాస్టారికి ఒక్కరోజైనా చెప్పామా? లేదు. శ్రీకాకుళం నుంచి వచ్చిన మా పెద్దలకు 1970 నాటి కాల్పులు గుర్తే. వాళ్లను కూర్చోబెట్టి అడిగిందీ లేదు. రైల్వే ఉద్యోగం, పిల్లల చదువు, మనకెందుకులే అన్న భయం. ఆ భయానికి జాగ్రత్త అని పేరు పెట్టుకున్నాం.

2010 జూలైలో, స్వామి అగ్నివేశ్ మధ్యవర్తిత్వం నడుస్తుండగానే, మావోయిస్టు నేత ఆజాద్‌ను ఆదిలాబాద్ అడవుల్లో చంపారు. 2011లో మమతా బెనర్జీ ప్రభుత్వం సుజాతో భద్ర బృందానికి మధ్యవర్తిత్వం అప్పగించింది. నవంబరు 24న బురిశోల్ అడవిలో కిషన్‌జీ చనిపోయాడు. ఎదురుకాల్పులన్నారు పోలీసులు, కాదన్నారు హక్కుల సంఘాలవాళ్లు. మా వీధి అరుగుల మీద మాత్రం ఒకటే ఆరా: "మనోడేనట, ఏ జిల్లా?" కరీంనగర్ జిల్లా పెద్దపల్లి అని తెలిశాక ఆ మాట అక్కడితో ఆగిపోయింది. మధ్యవర్తుల బృందం ఇప్పుడేం చేస్తుందని ఎవరం అడగలేదు. 2010 ఫిబ్రవరిలో సిల్దా శిబిరం మీద మావోయిస్టుల దాడిలో పోయిన 24 మంది జవాన్ల ఊళ్లేవని కూడా మేం ఏనాడూ అడగలేదు.