శిబిరానికి స్లీపింగ్ బ్యాగు తప్పనిసరా?

చలికాలం వస్తే బడిపిల్లలకు శిబిరాల సందడి. స్కౌట్లు, ఎన్.సి.సి., ప్రకృతి పరిశీలన - ఏదైనా సరే, ముందుగా చేతికొచ్చేది తెచ్చుకోవలసిన వస్తువుల జాబితా. అందులో ‘స్లీపింగ్ బ్యాగు’ అని ఉందనుకోండి. కొనగలిగినవాళ్లు కొంటారు. కొనలేనివాళ్లు ఇంట్లో అడగలేక పేరివ్వడమే మానుకుంటారు. కాబట్టి ఆ ఒక్క మాట రాసేముందు ఆ సంచి చేసే పనేమిటో తెలుసుకోవాలి.

స్లీపింగ్ బ్యాగు వేడిని పుట్టించదు. వేడి పుట్టేది మన ఒంట్లోనే. నిద్రలో కూడా మన శరీరం సుమారు 70, 80 వాట్ల బల్బు ఇచ్చేంత వేడి ఇస్తూనే ఉంటుంది. సంచిలోని ఈకలో, కృత్రిమ నారలో గాలిని కదలకుండా పట్టి ఉంచుతాయి. కదలని గాలి గుండా వేడి తొందరగా పోదు. ఆ గాలి ఉండవలసిన చోట నీరు చేరితే సంగతి తలకిందులవుతుంది. నీరు గాలికన్నా 20 రెట్లకు పైగా సులువుగా వేడిని పోనిస్తుంది. ఈకల సంచి తడిస్తే ముద్దయిపోయేది, చలి ఆపలేనిది అందుకే.

ఇంకో సంగతి. పడుకున్నప్పుడు మన బరువుకు కిందిభాగం నలిగి, అందులోని గాలి బయటికి పోతుంది. ఎంత ఖరీదైన సంచికైనా అడుగున చాప లేకపోతే నేల మన వేడిని లాగేసుకుంటుంది.

ఇప్పుడు మన కృష్ణా డెల్టా సంగతి చూద్దాం. విజయవాడలో జనవరి రాత్రులు కూడా మామూలుగా 18, 19 డిగ్రీల దగ్గరే ఉంటాయి. గాలిలో తేమ ఎక్కువ. కొండపల్లి కోట దగ్గరో, మంగినపూడి తీరానో మందపాటి సంచిలో దూరితే చెమట పడుతుంది. ఆ చెమట తొందరగా ఆరదు. కాసేపటికి సంచి తీసేస్తాం. అప్పుడు దోమలకు పండగ! మలేరియాను మోసే అనాఫిలిస్, బోదకాలును మోసే క్యూలెక్స్ కుట్టేది రాత్రిపూటే. ఇక్కడ మన శత్రువు చలి కాదు, దోమ. తుంగచాప, నూలు దుప్పటి, దోమతెర ఉంటే చాలు.

మరి లంబసింగి వెళ్తే? అది సముద్రమట్టానికి సుమారు 1000 మీటర్ల ఎత్తున ఉంది. కొన్ని శీతకాలాల్లో అక్కడ తెల్లవారుజామున ఉష్ణోగ్రత సున్నా దగ్గరికి దిగుతుంది. అక్కడ స్లీపింగ్ బ్యాగుకు పని ఉంది. లేనివాళ్లకు చాప మీద ఒక గొంగళి పరిచి, పైన రెండు ఉన్ని దుప్పట్లు కప్పుకున్నా ఆ పని చాలావరకు జరుగుతుంది. రెండు దుప్పట్ల మధ్య చిక్కిన గాలి కూడా ఒక దుప్పటే కదా! దోమతెర మాత్రం అక్కడికీ తీసుకెళ్లాలి.

2014 మే 25న, 13 ఏళ్ల వయసులో ఎవరెస్టు ఎక్కిన మన తెలుగమ్మాయి మాలావత్ పూర్ణ గురించి మీరు వినే ఉంటారు. అటువంటి మంచుకొండల్లో మంచి సంచి లేకపోతే ప్రాణానికే ముప్పు. అక్కడ అది విలాసం కాదు.

కొనవలసివస్తే చీటీ మీది అంకెలు జాగ్రత్తగా చదవండి. హాయిగా నిద్రపట్టే ఉష్ణోగ్రత వేరు, ప్రాణం నిలబెట్టుకోగల చివరి హద్దు వేరు. రెండోదాన్ని చూసి మోసపోకండి. పైగా ఆ లెక్కలు పెద్దవాళ్ల శరీరాలకు వేసినవి.

నా మాటే నమ్మనక్కర్లేదు. ఒకే రకం సీసాలు రెండింటిలో సమానంగా వేడినీళ్లు పోయండి. ఒకదానికి పొడి తువ్వాలు, రెండోదానికి తడి తువ్వాలు చుట్టండి. అరగంట తర్వాత థర్మామీటరుతో చూడండి. ఏది ముందు చల్లారింది? ఎందుకు?

సైన్సు తెలిసినవాళ్లు వస్తువు పేరు కాదు, అవసరం చూస్తారు. జాబితాలో ‘అక్కడి వాతావరణానికి తగిన పడక’ అని రాస్తే చాలు. డబ్బు లేదని ఏ పిల్లా, ఏ పిల్లవాడూ నక్షత్రాల కింద గడిపే ఒక రాత్రిని పోగొట్టుకోకూడదు.