వంద దాకా వచ్చు, ఏడు రాదు

చుట్టాలు రాగానే నాలుగేళ్ల పిల్లాణ్ని హాల్లో నిలబెట్టి, ‘అంకుల్‌కి వన్ టు హండ్రెడ్ చెప్పు నాన్నా’ అనే తల్లిదండ్రులారా, ఓ పని చేయండి. వాడు హండ్రెడ్ చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాక గిన్నెడు చింతగింజలు ముందు పోసి, ఏడు ఇమ్మనండి. కొందరు పిల్లలు గుప్పెడు తీసి మీ చేతిలో పోస్తారు. వాడినేమీ అనకండి. వాడికి లెక్క నేర్పిందెవరు? నేర్పింది పాట.

ఇదేమీ నా కడుపుమంట కాదు. 1990లోనే కారెన్ విన్ అనే మనస్తత్వ పరిశోధకురాలు పిల్లల ముందు బొమ్మలు పోసి, ఇన్ని ఇవ్వమని అడిగి చూసింది. అంకెలు వరసగా అప్పజెప్పగలిగిన పిల్లల్లోనే ఎందరో అడిగినన్ని ఇవ్వలేకపోయారు. పిల్లలకు ముందు ఒకటి తెలుస్తుంది, కొన్ని నెలలకు రెండు, ఇంకొన్నాళ్లకు మూడు. లెక్క ఏ అంకె దగ్గర ఆగితే మొత్తం అంత అన్న గుట్టు ఆ తర్వాత గాని చిక్కదు. అప్పుడే లెక్కపెట్టిన పిల్లను ‘ఇంతకీ ఎన్ని?’ అంటే మళ్లీ ఒకటి నుంచి మొదలుపెడుతుందే, ఆ పిల్లకు ఇంకా చిక్కలేదన్నమాట. అది చిక్కేదాకా ఆగే ఓపిక మన ఎల్‌కేజీలకు లేదు. పెన్సిలు మీద సరిగ్గా పట్టు దొరకని వేళ్లతో గడుల నోట్‌బుక్కు నింపిస్తాయి. 3 తిరగబడితే ఎర్రసిరా.

మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు పాఠ్యపుస్తకాలే పెట్టొద్దని 2022 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం చెప్పింది. మరి మన పిల్లల సంచుల్లో అన్నేసి పుస్తకాలెందుకు? చింతగింజల మీద కమీషన్ రాదు గనక!

ఆటతో లెక్కలేమిటని ముఖం చిట్లించేవాళ్లకు ఒక మాట. 2008లో గీతా రమణి, రాబర్ట్ సీగ్లర్ అనే పరిశోధకులు అమెరికాలో పేదింటి పిల్లలతో ఒకటి నుంచి పది దాకా అంకెలు వేసిన గడుల ఆట ఆడించారు. పావుగంట చొప్పున నాలుగంటే నాలుగుసార్లు. ఏ అంకె పెద్దదో, ఎంత పెద్దదో ఆ పిల్లలకు తెలిసొచ్చింది. అంకెలకు బదులు రంగులున్న గడుల్లో ఆడినవాళ్లకు ఆ లాభం దక్కలేదు. అంకెల గడుల వైకుంఠపాళి మన ఇళ్లలోనూ ఉండేది. గవ్వలు వేసి, పడ్డన్ని గడులు వేలితో లెక్కపెట్టుకుంటూ కాయ జరపడమే కదా ఆ ఆటంతా! దాన్ని అటకెక్కించి, పిల్లల చేతికి ఫోనిచ్చి, అందులో నంబర్ రైమ్స్ పెట్టి చదువనుకుంటున్నాం.

ఎక్కాలు వద్దా అని మీదికొస్తారు. కావాలి, బట్టీ పట్టించండి, నాకేం అభ్యంతరం లేదు. మూడు నాలుగులంటే నాలుగేసి చొప్పున మూడు కుప్పలని చేత్తో పేర్చి చూసిన తర్వాత.

టీచర్లమీద నాకు కోపం లేదు. గది నిండా పిల్లలు, పైనుంచి నోట్‌బుక్కుల తనిఖీ. కోపమంతా ఆ తనిఖీ చేసేవాళ్లమీద, నోట్‌బుక్కు నిండకపోతే బడి మార్చేస్తామని బెదిరించే మనమీద. ఈసారి పేరెంట్స్ మీటింగులో నోట్‌బుక్కులు ముందు పెడితే పక్కకు నెట్టేయండి. మీ పిల్లాడు తరగతిలో చేత్తో పట్టుకుని లెక్కపెట్టే వస్తువులు చూపించమనండి. లేవంటే, గణితం పేరుతో కట్టించుకున్న డబ్బు దేనికని నిలదీయండి.