సంచి మీద చీటీ లేని దాణా

పోయిన ఎండాకాలం మన సంఘం సభ్యుడొకరు బక్రీదు అమ్మకానికి నలభై పొట్టేలు పిల్లలను కొట్టంలో కట్టేసి మేపారు. పల్లి చెక్క ధర అందక, వ్యాపారి చెప్పిన మాట విని ఇథనాల్ ఫ్యాక్టరీ పిప్పి తెచ్చారు. రెండు నెలలు పిల్లలు బాగానే ఎదిగాయి. తర్వాత ఒక పొట్టేలు మేత మానేసి, వీపు వంచి ముక్కుతూ నిలబడింది. మూత్రం చుక్కలు చుక్కలుగా వచ్చి ఆగిపోయింది. మూడో రోజుకు చచ్చిపోయింది. ఆ వారంలోనే ఇంకో మూడు పోయాయి. పశువుల డాక్టరు కోసి చూపిస్తే మూత్రనాళంలో ఇసుక లాంటి రాళ్లున్నాయి. "ఆ దాణాలో ఏముందో రాసి ఉన్న కాగితం ఏదైనా ఉందా?" అని డాక్టరు అడిగారు. ఉన్నది తెల్ల సంచి ఒక్కటే, దాని మీద ఒక్క అక్షరం లేదు.

అందుకని ఆ పిప్పి ముట్టుకోవద్దని చెప్పడం మా ఉద్దేశం కాదు. అది మంచి మేత. మక్కలనో నూకలనో పిండి చేసి ఉడకబెట్టి ఈస్ట్ వేస్తే, అది గింజలోని పిండిపదార్థాన్ని తిని ఇథనాల్ చేస్తుంది. మాంసకృత్తులు, కొవ్వు, పీచు, ఖనిజాలు మిగులుతాయి. దాన్ని ఎండబెట్టిందే డీడీజీఎస్. క్వింటాలు మక్కలకు దాదాపు 30 కిలోలు వస్తుంది. మక్కల పిప్పిలో మాంసకృత్తులు 27 నుంచి 30 శాతం దాకా ఉంటాయి, బియ్యం పిప్పిలో ఇంకా ఎక్కువ.

అయితే మూడింట రెండు వంతులు పోయి ఒక వంతు మిగిలిందంటే, ఆ మిగిలిన దాంట్లో మంచీ చెడూ రెండూ మూడింతలైనట్టే. భాస్వరం మూడింతలు. బూజు పట్టిన మక్కలు పోస్తే అఫ్లాటాక్సిన్ విషం కూడా మూడింతలు. ఫ్యాక్టరీలో వాడే సల్ఫ్యూరిక్ ఆమ్లం వల్ల గంధకం పెరుగుతుంది, అది మితిమీరితే గొర్రెకు చూపు మందగించి, తల వెనక్కి విరుచుకుని ఫిట్స్ వస్తాయి. పైగా యూరియా కలిపితే పరీక్షలో మాంసకృత్తు ఎక్కువగా కనబడుతుంది. కల్తీ చేసేవాడికి ఇంతకన్నా సులువైన దారి ఏముంటుంది?

మన సభ్యుడు చేసిన పొరపాటు కూడా చెప్పుకోవాలి. ఆయన తవుడు తగ్గించకుండా దాని మీద పిప్పి కలిపారు. తవుడులోనూ భాస్వరం ఎక్కువే. సున్నం వేయలేదు. దాణాలో భాస్వరం ఒక పాలు ఉంటే కాల్షియం రెండు పాళ్లు ఉండాలి, లేకపోతే మగపిల్లల్లో రాళ్లు కడతాయి. పిప్పిని మిగతా దాణాకు బదులుగా వాడాలి గానీ అదనంగా కాదు. వంద కిలోల దాణాకు మక్క నూక 50, పిప్పి 20, కంది చున్నీ 15, పల్లి చెక్క 10, సున్నపురాయి పొడి 2, గొర్రెల ఖనిజ మిశ్రమం 2, ఉప్పు 1 కిలో చొప్పున కలుపుకోవచ్చు. బర్రెలకు, కోళ్లకు అమ్మే ఖనిజ మిశ్రమం మాత్రం వద్దు, అందులోని రాగి గొర్రెకు విషమవుతుంది. రోజుకు 50 గ్రాములతో మొదలుపెట్టి రెండు వారాల్లో పెంచాలి. ఒక్కసారిగా పోస్తే చిటుకు రోగం తయారుగా ఉంటుంది, టీకా ముందే వేయించాలి. పొట్టు, గడ్డి కడుపు నిండా ఉండాలి, తాగే నీళ్లు ఎప్పుడూ అందుబాటులో ఉండాలి. చౌక అని తడి పిప్పి తెచ్చుకునేవాళ్లకు ఒక్క మాట: మన ఎండలకు అది మూడు రోజులు కూడా ఆగదు.

ఇంత జాగ్రత్త రైతుదే అయితే, ఫ్యాక్టరీది ఏమిటి? పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలపాలనే లక్ష్యాన్ని ప్రభుత్వం 2030 నుంచి 2025-26కు ముందుకు జరిపింది. ఎఫ్‌సీఐ బియ్యం క్వింటాలు 2,250 రూపాయలకు ఫ్యాక్టరీలకు ఇచ్చింది. మొన్నటిదాకా మక్కలు ఎగుమతి చేసిన దేశం 2024లో దిగుమతి చేసుకుంది. చిత్తనూరు, దిలావర్‌పూర్ గ్రామాల ప్రజలు తమ నీళ్లూ గాలీ ఏమవుతాయని రోడ్డెక్కారు. ఆ పిప్పి కోళ్ల దాణాలోకి వచ్చాక సోయా చెక్కకు గిరాకీ తగ్గింది, ఆ దెబ్బ సోయా రైతు మీద పడింది. గింజ మనది, నీళ్లు మనవి, నష్టంలో వాటా మనది. లాభంలో మనకు రాగలిగింది ఈ పిప్పి ఒక్కటే. అదీ దళారి చేతుల మీదుగా, పేరూ ఊరూ లేని సంచిలో వస్తోంది.

2019 పశుగణన ప్రకారం దేశంలో గొర్రెలు అందరికన్నా ఎక్కువ ఉన్నది తెలంగాణలోనే, 1.9 కోట్లు. 2017లో ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున సబ్సిడీ మీద పంచిన ప్రభుత్వానికి, వాటి మేత గురించి ఒక్క నిబంధన రాయడం బరువు కాదు. ప్రతి సంచి మీద ఏ గింజ, ఏ తేదీ, మాంసకృత్తు, భాస్వరం, గంధకం, అఫ్లాటాక్సిన్ ఎంతెంతో రాయాలి. జిల్లా కేంద్రంలో రైతు పిడికెడు దాణా తీసుకెళితే పరీక్ష చేసి ఇవ్వాలి. ఫ్యాక్టరీ తన పిప్పిలో కొంత వంతు ప్రాథమిక గొర్రెల పెంపకందారుల సహకార సంఘాలకు నేరుగా, ఫ్యాక్టరీ గేటు ధరకే అమ్మాలి. ఈ మూడింటితో పశుసంవర్ధక శాఖకు వినతిపత్రం తయారు చేస్తున్నాం.

మాటతో పాటు రుజువు కావాలి. ఈ నెల మండల సమావేశానికి వచ్చేటప్పుడు పిప్పి వాడుతున్నవాళ్లు ఖాళీ సంచి వెంట తెండి. కొన్న ధర, కొన్న తేదీ కాగితం మీద రాసుకురండి. పిల్లలు చచ్చిపోయి ఉంటే డాక్టరు రాసిచ్చిన చీటీ కూడా తెండి.