లారీ కిరాయికి దొరుకుతుంది, పూచీ దొరకదు

‘రవాణా మన పని కాదు. టెండర్ పిలిచి చేతనైనవాడికి అప్పగిస్తే ఖర్చు తగ్గుతుంది, తలనొప్పి పోతుంది.’ కంపెనీలు మొదలు ప్రభుత్వ సంస్థల దాకా ఇప్పుడు అందరిదీ ఇదే పాట. తలనొప్పి పోయేమాట నిజమే. ఎవరి నెత్తికి పోతుందో తెలియాలంటే తెలంగాణలోని బాన్సువాడలో యాసంగి వడ్ల కొనుగోలు చూడాలి.

ఐకేపీ మహిళా సంఘాల, సహకార సంఘాల కొనుగోలు కేంద్రాల్లో కొన్న వడ్లను పౌరసరఫరాల సంస్థ తరఫున మిల్లులకు చేర్చే బాధ్యత టెండర్ దక్కిన కాంట్రాక్టర్‌ది. ఒప్పందం ఆ ఇద్దరి మధ్యే. రైతు సంతకం అందులో ఎక్కడా ఉండదు.

తేమ 17 శాతానికి దిగేదాకా వడ్లు ఆరబోసి, తాలు తీసి, 40 కిలోల సంచుల్లో కాంటా పెట్టించాక రైతు చేయగలిగేదేమీ మిగలదు. లారీ రావాలి, అంతే. నిజాంసాగర్ ఆయకట్టులో ఊరూరా కోతలు ఒకేసారి మొదలవుతాయి కాబట్టి లారీలూ అందరికీ ఒకేసారి కావాలి. ఉన్న లారీలేమో మిల్లు గేటు ముందు బారులు తీరి ఉంటాయి. ఈలోగా మబ్బు పట్టిందా, టార్పాలిన్ల కోసం ఉరుకులు. అడుగు వరుస సంచులు తడిసి మొలకెత్తితే మిల్లులో తరుగు తీస్తారు. వడ్లు దించుకున్నట్టు మిల్లువాళ్లు ఒప్పుకున్నాకే డబ్బుల లెక్క కదులుతుంది. లారీ ఆలస్యమైతే అప్పు మీద వడ్డీ పెరిగేది రైతుకే.

‘రెండు సీజన్ల కోసం ప్రభుత్వం లారీలు కొని మిగతా రోజులు షెడ్డులో పెట్టుకోవాలా?’ అని అడుగుతారు. అక్కర్లేదు. బండి కిరాయికి తెచ్చుకోవచ్చు. పూచీని కూడా బండితో పాటు పంపించేయడమే తప్పు.

పూచీ దగ్గరుంచుకోవడమంటే ఏమిటో ఒక ఉదాహరణ. 2018 ఫిబ్రవరిలో బ్రిటన్‌లో కేఎఫ్‌సీ తన సరఫరాను రవాణా సంస్థ డీహెచ్‌ఎల్‌కు మార్చగానే చికెన్ అందక వందల దుకాణాలు మూతపడ్డాయి. పత్రికల్లో నిండు పేజీ ప్రకటన ఇచ్చి క్షమాపణ చెప్పుకున్నది కేఎఫ్‌సీయే. తిండికి వచ్చినవాడు పక్క దుకాణానికి పోతాడన్న భయం దానికుంది. మద్దతు ధర కావాలంటే బాన్సువాడ రైతుకు పక్క దుకాణం లేదు. అప్పగించినవాడికే దెబ్బ తగిలే చోట ఔట్‌సోర్సింగ్ వ్యాపారం అనిపించుకుంటుంది. దెబ్బ మూడోవాడికి తగిలే చోట అది చేతులు దులుపుకోవడమే.

అందుకే తక్కువ రేటు కోట్ చేసినవాణ్ని వెతికే ముందు టెండర్‌లో మూడు షరతులు రాయాలి. కాంటా అయిన రోజు నుంచే రైతుకు చెల్లింపు గడువు లెక్కపెట్టాలి. కాంటా అయ్యాక తడిస్తే నష్టం పౌరసరఫరాల సంస్థది కావాలి. చెప్పిన వేళకు లారీ రాకపోతే కేంద్రం నిర్వాహకులే ఊళ్లోని ట్రాక్టర్లు పెట్టించి, ఆ కిరాయి కాంట్రాక్టర్ బిల్లులో కోయాలి.

ఇలాగైతే రేట్లు పెరుగుతాయంటారు. పెరగనీయండి. ఆ ఖర్చు ఇప్పుడూ ఉంది. ఏ లెక్కలోకీ ఎక్కకుండా రైతు జేబులోంచి పోతోంది, అంతే.