చీట్లపేకలోని కథ

మా తండ్రిగారి యింట చీట్లపేక యను మాటయే వినబడరాదు. పండుగలకు వచ్చిన బంధువులు సరదాకైనను పేక తీసినచో ఆయన లేచి వీధిలోనికి పోవువారు. అట్టి యింట పెరిగిన నాకు, తరగతిలో నొక పిల్లవాని చేత చీట్లు కనబడగనే విచారింపవలెనను బుద్ధి పుట్టలేదు. గడచిన సంవత్సరము తొమ్మిదవ తరగతిలో వెనుక బల్లయొద్ద నొక బాలుడు ఒడిలో ముక్కలు పేర్చుకొనుచుండగా పట్టుకొంటిని. ఏమని యడుగకయే రెండుగా చించి చెత్తబుట్టలో వేసితిని.

గంట కొట్టిన పిమ్మట ఆ తునుకలను చూచితిని. అవి అంగడిలో కొన్న పేక గాదు; పాత శుభలేఖలను కత్తిరించి చేసినవి. ఒకదానిపై “నాగావళి వంతెన. రాత్రివేళ దాటువారు పాచిక వేయవలెను” అనియు, వేఱొకదానిపై “చిలకపాలెం కూడలి. ఇచ్చట నొక ముసలమ్మ దారి చెప్పును. నిజమో అబద్ధమో తెలియదు” అనియు వ్రాసియుండెను. వ్యాసము వ్రాయుమన్నచో మూడు పంక్తులు దాటని బాలుడు నలువది చీట్లపై నలువది సంగతులు వ్రాసికొనెను. అక్షరదోషములు లేకపోలేదు. అయినను ఆ దినమున నాకు అన్నము సయింపలేదు.

ఈ యాట నెక్కడ నేర్చితివని మఱునాడడిగితిని. కళాశాలలో చదువుచున్న అన్న కంప్యూటరులో చూచితిననెను. తల్లిదండ్రుల యనుమతితో వారి యింటికి పోయి, రెండు సాయంకాలములు ప్రక్కన కూర్చుండి చూచితిని. దాని పేరు ‘వాయిస్ ఆఫ్ కార్డ్స్: ది ఐల్ డ్రాగన్ రోర్స్’. జపాను దేశపు స్క్వేర్ ఎనిక్స్ సంస్థవారు 2021వ సంవత్సరము అక్టోబరులో దానిని వెలువరించిరి. యోకో తారో యనునతడు దాని కల్పనకు పెద్ద.

ఇందు సమస్తమును చీట్లే. దేశమంతయు బోర్లించిన చీట్లుగా పఱచియుండును. మన పాత్ర అడుగు వేసినకొలది ప్రక్క చీట్లు తిరుగబడి అడవియో, కొండయో, గ్రామమో బయలుపడును. ఊరివారు చీట్లు, కత్తి యొక చీటి, పగవాడును చీటియే. వీరందఱి మాటలను కంటికి కనబడని యొక కథకుడు తన గొంతుతో చెప్పుచుండును. యుద్ధమున వంతు వచ్చినప్పుడెల్ల రత్నములు చేరును. వానిని కూడబెట్టి పెద్ద దెబ్బ కొట్టవలెనా, ఇప్పుడే చిన్న దెబ్బకు వెచ్చింపవలెనా యని యోచింపవలెను. కొన్ని దెబ్బలకు పాచికలు కూడ పడును.

ఇంత నెమ్మదియైన యాటలో పిల్లవాని మనస్సేల చిక్కుకొనెను? తుపాకులు ప్రేలు ఆటలలో కన్నులకు పని యుండును గాని ఊహకు తీరిక దొరకదు. ఇచ్చట బొమ్మ నిలిచియుండుటచేత దానికి ప్రాణము పోయు పని చూచువానిపై పడును. మన ప్రాంతపు జముకులకథ వినినవారికీ సంగతి క్రొత్త గాదు. కథకుడు జముకు మ్రోగుచుండగా రాజుగాను, రాణిగాను తానే మాటలాడును, కోటను కట్టి యెవ్వరును చూపరు, వినువాడే కట్టుకొనును. ఆంగ్లవాచకము ముట్టని మా బాలుడు, ఆ కథకుని యాంగ్లము తెలియనిచోట ఆట నాపి, అన్న నడిగి తెలిసికొనుచుండెను. ఇన్ని యేండ్ల బోధనలో అట్టి ప్రశ్న నాకెన్నిసారులు వచ్చెనో వ్రేళ్లపై లెక్కింపగలను.

లోపములు లేవనను. అందలి నాయకుడు బహుమానధనమునకై డ్రాగన్ వేటకు బయలుదేరిన స్వార్థపరుడు. యుద్ధములు రెండవ సాయంకాలమునకే నాకు విసుగు పుట్టించినవి, బాలునకు పుట్టలేదు.

చీటిపై కథ నుంచుట జపానువారు కనిపెట్టినది గాదు. 1936 వఱకు మనతోపాటు మద్రాసు రాజధానిలో నుండిన పర్లాకిమిడి, గంజపా యను గుండ్రని చీట్లకు పేరొందినది. గుడ్డ పొరలను చింతగింజల జిగురుతో నతికించి, సుద్ద పూసి, ఒక్కొక్క చీటిని చేతితో చిత్రించి, పైన లక్క పూయుదురు. దశావతారముల పేకలో పది జాతులు. జాతికొక రాజు, ఒక మంత్రి, ఒకటి మొదలు పది వఱకు అంకెలు. మొత్తము 120 చీట్లు. రామాయణ కథాపాత్రలతో చిత్రించినవియు కలవు. ఆ పేక నాడినవారు కేవలము అంకెలను లెక్కించిరని నేను నమ్మను.

తల్లిదండ్రులు కొందఱు నాతో వాదించిరి: “పేక పేకయే గదా మేస్టారూ! నేడు కథ, రేపు జూదము.” ఈ భయమును నేను త్రోసివేయను. ఫోనులో పేకాడి అప్పులపాలైన ఇండ్లు నా యెఱుకలోను కలవు. 2020లో మన రాష్ట్ర ప్రభుత్వము డబ్బు పెట్టి ఆన్‌లైనులో నాడు రమ్మీ, పోకరులను నిషేధించినదియు అందులకే. కాని న్యాయస్థానము సైతము పేకనంతయు ఒక్క గాటను కట్టలేదు. 1967లో సికిందరాబాదు క్లబ్బు వ్యవహారమున సుప్రీముకోర్టువారు, రమ్మీలో పడిన ముక్కలను గుర్తుంచుకొనుటకును, ఏది యుంచవలెనో ఏది విడువవలెనో తెలియుటకును నేర్పు కావలెనని చెప్పి, కేవలము అదృష్టముపై నడచు మూడుముక్కల యాటనుండి దానిని వేఱుపఱచిరి.

నేను భయపడునది వేఱొక చీటికి. 1993లో రిచర్డ్ గార్ఫీల్డ్ అను గణితవేత్త ‘మ్యాజిక్: ది గ్యాదరింగ్’ అను పేకను కల్పించెను. దాని చీట్లను మూసిన పొట్లములలో నమ్ముదురు. విప్పువఱకు ఏది దొరకునో తెలియదు. అట్టి పద్ధతియే నేడు అనేకములగు ఫోను ఆటలలో, డబ్బు చెల్లించి మూసిన పెట్టెను తెఱచుటగా కనబడుచున్నది. బెల్జియము దేశమువారు 2018లో అట్టి పెట్టెలు జూదమేయని తేల్చిరి. పైన చెప్పిన యాటలో అవి లేవు. ఒకసారి వెల చెల్లించినచో కథ తుద వఱకు నడచును. కావున బిడ్డ చేతిలో చీటి చూచిన తల్లి “ఇది పేకయా?” అని గాక, “ఇందులో ఏమి వచ్చునో తెలియకుండ డబ్బు పెట్టి తెఱువవలసినదేమైన కలదా?” యని యడుగుట మేలని నా యభిప్రాయము. రాత్రి పదకొండు వఱకు ఆడుట మాత్రము, ఏ యాటయైనను, నేనొప్పను.

తరగతిలో చించితిని గనుక తరగతిలోనే ఆ బాలునకు క్షమాపణ చెప్పితిని. మా యింటనున్న పాత శుభలేఖల కట్టనొకటి తెచ్చి యిచ్చితిని. అతడు పుచ్చుకొని, “నలువదియు జ్ఞాపకము లేవండి మేస్టారూ” అనెను. ఇప్పటికి పదునేడు వ్రాసినాడు. వంతెన వచ్చినది. ముసలమ్మ యింకను రాలేదు.