ద్రవ నత్రజని తరుగు ఎవరి ఖాతాకు?

కర్నూలు: పసుపు, వేరుశనగ, ఉల్లి ధరల పట్టికలో ఎన్నడూ కానరాని సరకొకటి కర్నూలు, కడప ప్రాంతాల పాల రాబడిని శాసిస్తున్నది. అది ద్రవ నత్రజని. నంద్యాలలోని ఘనీకృత వీర్య కేంద్రం నుంచి బయలుదేరిన వీర్య నాళిక పల్లెలోని గేదె వరకు జీవంతో చేరాలంటే దారి పొడవునా మైనస్ 196 డిగ్రీల ఈ ద్రవంలో మునిగి వుండవలసిందే.

వర్తకరీత్యా ఇది విచిత్రమైన సరకు. కొన్న క్షణం నుంచే తరుగుతుంది. వాడినా ఆవిరే, వాడకున్నా ఆవిరే. లీటరు ద్రవం దాదాపు 700 లీటర్ల వాయువై గాలిలో కలుస్తుంది. పల్లెలకు మోసుకుపోయే మూడు లీటర్ల పాత్ర ఎంత మంచిదైనా కొద్ది వారాలకు మించి ఆగదు. మూత పదేపదే తీస్తే అంతకాలం కూడా ఆగదు. ముడిసరకు గాలే గనుక దానికి ఖర్చు లేదు. భారమంతా కరెంటుది, రవాణాది.

కనుక తక్కువ రేటు వేసినవారికే కాంట్రాక్టు అనే పద్ధతి ఇక్కడ చెల్లదు. ఆదోని యార్డులో వేరుశనగ కాటా ఎక్కనిదే ఎవరూ సొమ్ము ఇవ్వరు. లీటరు ద్రవ నత్రజని సుమారు 0.8 కిలో తూగుతుంది. దీన్నీ కాటా వేయవచ్చు. ప్లాంటులో నింపిన లీటర్లకు గాక, కేంద్రంలో దింపిన కిలోలకు చెల్లించినట్లయితే దారి తరుగు సరఫరాదారు ఖాతాకే పోతుంది. అపుడు తన పాత్రల సంగతి ఆయనే చూసుకుంటాడు. (బయట చెమట పట్టిన పాత్ర చెడినట్లే లెక్క.)

ఇందువల్ల రేటు పెరుగుతుందని ఆక్షేపణ రావచ్చు. పెరుగుతుంది కూడా. అయితే ఒకసారి వెచ్చబడిన నాళికను మళ్లీ ద్రవంలో ముంచితే చూపులకు ఏ తేడా వుండదు, జీవమే వుండదు. రైతుకు ఆ సంగతి బయటపడేది 21 రోజులకు గేదె తిరిగి ఎదకు వచ్చినపుడు. మూగ ఎద అయితే మరింత ఆలస్యం. మేత ఖర్చు మాత్రం రోజూ తప్పదు. వానలు మొహం చాటేసిన ఏడు పాల సొమ్ముతోనే నెట్టుకొచ్చే ఇంటికి ఒక్క ఎద తప్పినా ఈత వెనుకబడి, పాడి వెనుకబడుతుంది. నింద పడేది సిబ్బంది మీద. నత్రజని మాట ఎవరికీ తోచదు.

2021 ఏప్రిల్, మే నెలల్లో కోవిడ్ రోగుల ఆక్సిజన్ కోసం నత్రజని ట్యాంకర్లను మళ్లించారు. అది చేయదగిన పనే. అయినా ఒకే సరఫరాదారుపై ఆధారపడరాదని అపుడే తేలింది. పెద్ద పాత్రలో తరుగు శాతం తక్కువ. మార్చిలోగా జిల్లా కేంద్రాల్లో పెద్ద పాత్రలు నింపించి, వేసవి నాలుగు నెలలూ వారం వారం కర్ర ముంచి చూసిన మట్టాన్ని పుస్తకంలో ఎక్కించడం మొదటి పని.