అమ్మకపు టిండ్లు - అడుగదగిన వెల

మన పట్టణములలో ఏ వీథికి బోయినను "ఈ యిల్లు అమ్మబడును" అను పలక వ్రేలాడు గృహ మొకటి రెండైనను కనబడుచున్నది. పలకపై రంగు వెలిసినది; వ్రాసిన ఫోను అంకెలలో రెండు చెరిగిపోయినవి; పిట్టగోడమీద రావిమొక్క మొలచినది. పలక కట్టిన నాడెంత యడిగిరో నేటికిని అంతయే యడుగుచున్నారు. కొందఱు మఱికొంత పెంచియు నడుగుచున్నారు. కుమారులు హైదరాబాదులోనో, బెంగుళూరులోనో, అమెరికాలోనో ఉన్నారు. ఇంటిలో ఒక వృద్ధురాలు ఒక్క గది తెఱచుకొని, తక్కిన గదులకు తాళములు వేసి కాలము గడుపుచున్నది. ఇల్లేల అమ్ముడుపోలేదని విచారించినచో, కాలము బాగులేదనియు, చేత డబ్బున్నవాడు లేడనియు, దళారులు పాడుచేసిరనియు చెప్పుదురు. మాకు దోచునది వేఱు. పెక్కు సందర్భములలో అడిగిన వెల ఆ యింటికి తగిన వెల కాదు.

ఇంటివారు వెల నిర్ణయించుకొను విధము విచిత్రమైనది. ప్రక్క వీథిలో గజము నలుబదివేలకు పోయినదట. ఈ "అట" యను మాటపై లక్షల బేరము నిలుచుచున్నది. ఆ స్థలము తూర్పుముఖమా, దక్షిణముఖమా. ముందున్నది నలుబదడుగుల బాటయా, ఎద్దులబండి తిరుగని సందా. దానికి మునిసిపల్ ఆమోదము గల నమూనా యున్నదా లేదా - వీనిలో నొక్కటియు విచారింపరు. ఆ నలుబదివేలు నిజముగా చేతులు మారినదా, అరుగుమీద పుట్టి కాఫీహోటలులో పెరిగిన మాటయా యన్నదియు విచారింపరు. మఱికొందఱు తమ యవసరమునే వెలగా నెంచుకొందురు. పెద్దమ్మాయి వివాహపు ఋణ మింత, చిన్నవాడు కొనదలచిన ఫ్లాటునకు తక్కువపడిన దింత, ఈ రెండును కూడగా తొంబది లక్షలు కావలయును, కావున ఇంటి వెల తొంబది లక్షలు! అమ్మువాని యప్పులు తీర్చుటకు కొనువాడు పూచీ పడలేదు గదా.

ఇక మూడవ తెగవారిని నిందింపుటకు మాకు మనసొప్పదు. తాతగారు కట్టించిన యిల్లు. రంగూను టేకు స్తంభములు. ఆ చావడిలో నలుగురి వివాహములు జరిగినవి. ఈ మమత నిజమైనది, గౌరవింపదగినది. కాని కొనువాడు ఆ స్తంభములను జూచునప్పుడు వానిని ఊడబెరికి అమ్మిన ఏమి వచ్చునా యని మనసులో లెక్క వేసికొనుచున్నాడు. అతనికి గావలసినది స్థలము. పెంకుటిల్లు అతని దృష్టిలో కూలద్రోయుటకు కూలి దండుగ యగు బరువు.

వదంతిపై వెల కట్టుటవలని చేటునకు కృష్ణా, గుంటూరు మండలముల వారికి వేఱొక నిదర్శనము చూపనక్కఱలేదు. 2014 జూన్ 2వ తేదీన రాష్ట్రము విభజింపబడినది. ఆ సెప్టెంబరులో రాజధాని విజయవాడ పరిసరములందని శాసనసభలో ప్రకటింపబడినది. 2015 అక్టోబరు 22న అమరావతికి శంకుస్థాపన జరిగినది. ఆ దినములలో రాజధాని గ్రామములకు ఎంతో దూరమున నున్న ఊళ్ళలో సైతము గృహస్థులు తమ యిండ్ల వెలలను రాత్రికి రాత్రి పెంచివేసిరి. వచ్చిన బేరములను, ఇంకను పెరుగునని త్రిప్పి పంపివేసిరి. 2019 డిసెంబరు 17న మూడు రాజధానుల మాట సభలో వినవచ్చెను. దానితో కొనువారు మాయమైరి. 2022 మార్చిలో హైకోర్టు తీర్పు, 2024లో ప్రభుత్వపు మార్పు, 2025 మే నెలలో పనుల పునఃప్రారంభము - ఒక్కొక్కదానితో ఆశ మఱల రేగినది. ఈ పదేండ్లలో రాజధాని యెటులున్నను, ఇల్లు అమ్మవలసిన యక్కఱ గలవానికి పది యేండ్లు గడచిపోయినవి. పెద్దవారు కొందఱు ఆ డబ్బు కంట జూడకయే గతించిరి.

మఱి నిజమైన వెల తెలియుట ఎటులు? మార్గము లేకపోలేదు, వెదకువారు అరుదు. 1908 నాటి రిజిస్ట్రేషను చట్టము 57వ సెక్షను ననుసరించి, స్థిరాస్తి దస్తావేజులు ఎక్కించు పుస్తకమును, దాని సూచికలను రుసుము చెల్లించి ఎవరైనను పరిశీలింపవచ్చును, నకళ్ళు పొందవచ్చును. తన వీథిలో గడచిన రెండేండ్లలో ఏ యిల్లు ఎంతకు వ్రాయబడినదో తెలిసికొనుట ఒక పూట పని. వ్రాసినది ఒకటి, ఇచ్చినది ఒకటియు నగుట మన దేశమున వింత గాదు. కావున ఆ యంకెను వేదవాక్యముగా గొనరాదు. అయినను, వదంతికంటె అది నేలమీద నిలిచిన యంకె. సబ్ రిజిస్ట్రారు కార్యాలయమున నుండు ప్రభుత్వపు విలువయు నట్టిదే. ఆంధ్రప్రదేశమున 2025 ఫిబ్రవరి 1 నుండి అనేక ప్రాంతములలో ఆ విలువలు సవరింపబడినవి. అది సుంకము కట్టుటకు ఏర్పఱచిన కొలతయే గాని బజారు ధర గాదు. అసలైన మాట బ్యాంకు విలువకట్టువానిది. ఏలయన నేడు ఇల్లు కొను ఉద్యోగి బ్యాంకు ఋణము లేక కొనలేడు. ఆ బ్యాంకు మన మమతను జూడదు.

లెక్క యొకటి వేసి చూతము. అంకెలు ఉదాహరణకై మేము కల్పించినవి. స్థలము 200 గజములు; ఆ వీథిలో నిజముగా నడచుచున్న ధర గజము 30,000 రూపాయలు. స్థలము విలువ 60 లక్షలు. కట్టడము 1,500 చదరపుటడుగులు; నేడు క్రొత్తగా కట్టినచో అడుగునకు 2,000 వంతున 30 లక్షలు. యజమాని రెండును గూడి 90 లక్షలు అడుగుచున్నాడు. కాని ఆ కట్టడము వయస్సు 35 ఏండ్లు. దాని యాయువు 60 ఏండ్లనుకొన్నను, మిగిలినది 25 ఏండ్లు. విలువ పండ్రెండున్నర లక్షలు. అనగా ఇంటి వెల 72 లక్షల 50 వేలు. పాత యింటికి క్రొత్త యింటి వెల యడుగుటయే ఆ మిగిలిన పదియేడున్నర లక్షల రహస్యము. బ్యాంకువా డీ 72 లక్షల 50 వేలనే అంగీకరించును; 30 లక్షలకు మించి 75 లక్షలలోపు ఋణమునకు రిజర్వు బ్యాంకు నియమము నూటికి 80 మించరాదు గనుక, 58 లక్షలు ఇచ్చును. 90 లక్షలకు బేరము కుదిరినచో తక్కిన 32 లక్షలును, దానిపై రెండు తెలుగు రాష్ట్రములలోను నూటికి సుమారు 7.5 వంతునగు స్టాంపు, బదిలీ, రిజిస్ట్రేషను ఖర్చులును కొనువాడు చేతినుండి తేవలయును. అతడు తేలేడు. ఇల్లు నచ్చలేదని మర్యాదకు చెప్పి వెడలిపోవును. యజమాని దళారిని దిట్టును.

"తొందర యేమి, ఆగుదము" అందురు. ఆగుట ఉచితము గాదు. ఆ 72 లక్షల 50 వేలు నూటికి 6 వంతున బ్యాంకులో నున్నచో ఏడాదికి 4 లక్షల 35 వేలు వచ్చును. మూడేండ్లకు, వడ్డీపై వడ్డీ లేకయే, 13 లక్షల 5 వేలు. మూడేండ్లు ఆగి, కోరిన 90 లక్షలును సాధించినను, మిగులు నాలుగున్నర లక్షలకు లోపు. అందుండి ఇంటిపన్ను, నీటిపన్ను, కావలివాని జీతము, వానకు కారిన కప్పు మరమ్మతు తీసివేసికొనవలయును. స్థలపు ధర పెరుగదా యందురేమో. పెరుగవచ్చును. అమరావతి చుట్టుప్రక్కల వారును అటులే యనుకొనిరి. పైగా ఎక్కువ కాలము అమ్మకమున నున్న యింటికి అపఖ్యాతి వచ్చును. క్రొత్తగా పలక కట్టిన మాసము రెండు మాసములలో నిజమైన కొనుగోలుదారులు వత్తురు. వారు పోయిన తరువాత వచ్చువాడు మొదట అడుగు ప్రశ్న, "ఇన్నాళ్ళెందుకు పోలేదు?" అని. వీథిశూల యనియు, కోర్టు తగాదా యనియు, ఆ యింట నెవరో అకాలమున బోయిరనియు కథలు పుట్టును. అప్పటికి 72 లక్షలకే దిగివచ్చినను, అతడు 65 అడుగును.

ఒక్కని యిల్లైనచో వాని మొండితనము వానికే చెల్లును. ఉమ్మడి ఆస్తిలో అటుల గాదు. మన రాష్ట్రమున 1985 సెప్టెంబరు 5 నుండియే, దేశమంతటను 2005 నుండి, కుమార్తెలకు పిత్రార్జితమున సమానముగా హక్కు కలదు. అది మిక్కిలి న్యాయమైన శాసనము. కాని సంతకములు నలుగురివైనప్పుడు వెలలును నాలుగగుచున్నవి. ఊరు విడిచి ముప్పదియేండ్లైన పెద్దకుమారుడు ఇంటర్నెటులో జూచిన ధర చెప్పును. ఉన్న యూరిలో నున్న కుమార్తె, నిజము తెలిసినది గనుక, తక్కువ చెప్పును, వెంటనే "నీ యత్తవారి తరపువారికి ఇప్పింపజూచుచున్నావా?" అను మాట వచ్చును. అన్నదమ్ములు మాటలాడుకొనుట మానుదురు. తల్లి మందుల ఖర్చునకు ఎవరు పంపుదురను తగవులో నాలుగు గదుల తాళములు త్రుప్పు పట్టును. ఇట్టి కుటుంబములు పలక కట్టుటకు ముందే, తమలో ఎవ్వరికిని జెందని విలువకట్టువానిచే వ్రాతమూలకముగా విలువ వేయించి, ఎంతవరకు దిగవచ్చునో అందఱును సంతకము చేసికొనుట యుత్తమము. దానికగు రుసుము ఒక్క నెల యలుకకంటె చౌక.

మఱియొక దురాచారమును గుఱించి మేము మొగమోటము లేక వ్రాయవలసియున్నది. అడుగు వెలకు రెండు ముఖము లుండుట: కాగితముపై నింత, సంచిలో నింత. ఇది చతురత యని మనవారు తలంచుచున్నారు. 2015 జూన్ 1 నుండి స్థిరాస్తి బేరములో 20,000 రూపాయలు గాని అంతకు మించిగాని నగదుగా బుచ్చుకొనుట నిషిద్ధము. పుచ్చుకొన్న మొత్తమంతయు జుల్మానాగా పోవచ్చును. ప్రభుత్వపు విలువకంటె నూటికి 10 మించి తక్కువకు వ్రాసికొన్నచో, ఆ ప్రభుత్వపు విలువకే అమ్మినట్లెంచి పన్ను వేయుదురు. ధర్మశాస్త్రము నటుంచి వ్యాపారమే చూడుడు. కాగితముపై తక్కువ వ్రాసిన యింటికి బ్యాంకు ఆ తక్కువపైననే ఋణమిచ్చును. సంచి తేగలవాడు ఊరికి పదిమంది; జీతముపై బ్రతుకువారు వేలమంది. రెండు ముఖముల వెల యడుగుట ఆ వేలమందికి తలుపు మూయుట. దేశభక్తిని గుఱించి సభలలో ప్రసంగించు పెద్దలు కొందఱు తమ యిల్లు అమ్మునప్పుడు సంచి విప్పుమనుట మేము వినుచునే యున్నాము.

పన్ను మాట వచ్చినది గనుక రెండు వాక్యములు. 2024 జూలై 23 నుండి దీర్ఘకాలపు లాభముపై పన్ను నూటికి 12.5, ఆ తేదీకి ముందు వచ్చిన యిండ్ల విషయమున, స్వదేశవాసులైన వ్యక్తులకు ద్రవ్యోల్బణపు సవరణతో నూటికి 20 వంతున లెక్కించి, ఏది తక్కువైన నది చెల్లించు సౌకర్యము కలదు. విదేశములలో స్థిరపడిన వారసులకు ఆ యెంపిక లేదు. పలక కట్టకముందే ఈ లెక్క తెలిసికొనుట వివేకము. కాని ఆ పన్నును వెలపై వేసి కొనువానినుండి రాబట్టజూచుట వ్యర్థము. అతనికి మన పన్నుతో బనిలేదు.

మేము తక్కువకు అమ్ముమని చెప్పుటలేదు. తగిన వెలయనగా చౌక వెల గాదు. భర్త పోయిన యిల్లాలి యింటికి నాలుగవ నాటికే దళారులు చేరి, ఇల్లు కూలబోవుచున్నదనియు, బాట వెడల్పులో సగము పోవుననియు భయపెట్టి సగము వెలకు వ్రాయించుకొనుట మన పట్టణములలో నున్నది. అట్టివారికి రిజిస్ట్రేషను నకళ్ళే ఆయుధము. బాట వెడల్పు మాట నిజమో కాదో మునిసిపల్ కార్యాలయపు నమూనా చెప్పును. నిజమైనచో దాచరాదు. సామాన్య జాగరూకతతో కొనువాడు కనిపెట్టజాలని లోపము, ఆస్తియందు గాని హక్కునందు గాని యున్నయెడల, ఎఱిగిన యమ్మకందారు చెప్పితీరవలెనని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము విధించుచున్నది. చెప్పి, దానికి తగినట్లు వెల తగ్గించినవాని యిల్లు నిలకడగా అమ్ముడుపోవును. దాచినవాడు బయానా తిరిగి యిచ్చి కోర్టు చుట్టు తిరుగును.

బేరమునకు కొంత చోటు విడుచుట మన యాచారము. నూటికి ఐదు విడిచిన చాలును. నలుబది విడిచినవానిని కొనువాడు బేరమునకే పిలువడు. రెండు మాసములు గడచియు, చూచినవారిలో నొక్కడును బేరమాడకున్నచో, ఆ మౌనమే బజారు పలికిన వెల యని గ్రహింపవలెను. అప్పుడు తగ్గించుట ఒక్కమారుగా తగ్గింపవలెను. వారమున కొక పదివేలు దిగువాడు ఇంకను దిగునని అందఱు ఎదురుచూతురు. ఇక బేరము కుదిరిన పిమ్మట బయానా చెక్కు రూపముననే పుచ్చుకొని, బ్యాంకు ఋణము వచ్చుటకు తగిన గడువు, మూడు మాసములు తక్కువగాక, ఒడంబడికలో వ్రాసికొనవలెను. వృద్ధులున్న యింట, వారు వేఱు చోటికి మారుటకును అందులో దినము లుండవలెను.